ఖాతాలో ఉంది, చేతికి రాదు

వంటింటి చెత్తను కంపోస్టు చేసే డ్రమ్ములు మేడ మీద నావి మూడు. ఒకటి నింపేది, రెండోది ఉడికేది, మూడోది పడుకునేది. ఈ పేర్లు నా నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా చెల్లవు. ఇంట్లో మూడింటికీ కలిపి ఒకటే పేరు: నీ చెత్త.

మొన్నటిదాకా రెండే ఉండేవి, నింపేదీ ఉడికేదీ. మూడో డ్రమ్ము ఉండాల్సిన చోట ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. అందులో మేలు చేసే బ్యాక్టీరియా పొడి. నత్రజనికి ఒక రకం, భాస్వరానికి ఒక రకం, పొటాష్‌కు ఒక రకం, అన్నీ కలిపేసిన పొడి. గ్రాముకు 10 కోట్ల కణాలు అని డబ్బా మీద రాసి ఉంది. నేను ఆఫీసులో ఖాతాలు చూసే మనిషిని. కోట్లు అని కనబడితే చాలు, నాకు గౌరవం పుట్టుకొస్తుంది. పదిహేను రోజులకోసారి రెండు చెంచాల పొడి నీళ్లలో కలిపి, ఉడికే డ్రమ్ములో పోసి, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకుని నిశ్చింతగా కిందికి దిగేదాన్ని.

ఏడాదిన్నర అలా పోశాక టమాటా మొక్కలు పచ్చబడ్డాయి. పచ్చబడ్డాయంటే మంచి పచ్చ అనుకునేరు, కామెర్ల పచ్చ. కింది ఆకుల నుంచి మొదలై పైకి ఎక్కుతోంది. నత్రజని చాలని మొక్క చేసే పని అది. ముసలి ఆకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది. కానీ ఆ కుండీల్లో సగానికి సగం నా కంపోస్టే.

మా ఆయన వచ్చి చూసి, "ఇంత ఎరువు మింగి కూడా ఇంకా ఆకలేంటి దీనికి?" అన్నారు. ఎగతాళికి అన్నా ప్రశ్న మాత్రం సరైనదే.

కుండీలో వేలు పెట్టి కెలికాను. నల్లగానే ఉంది, మట్టి వాసనే వస్తోంది. కానీ వేళ్ల మధ్య నలిపితే సన్నగా గరుకు తగులుతోంది. రంపపు పొట్టు. డ్రమ్ములో తడి ఎక్కువైనప్పుడల్లా చేతికి అందిన పొట్టు గుప్పిళ్లతో చల్లాను మరి. పైకి నల్లబడింది గానీ లోపల కొయ్య కొయ్యలాగే ఉంది.

ఇక్కడ ఒక లెక్క ఉంది. బ్యాక్టీరియా ఒంట్లో సుమారు అయిదు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అయితే తిన్న కర్బనంలో ఎక్కువ భాగం ఊపిరికే ఖర్చయిపోతుంది, కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. అందుకే తిండిలో కర్బనం 25 నుంచి 30 పాళ్లు, నత్రజని ఒక పాలు ఉంటే వాటికి ఇంటి ఖర్చు సరిపోతుంది. వంటింటి తడి చెత్తలో కర్బనం అంతకన్నా తక్కువ, అటూ ఇటూగా 15 నుంచి 20 పాళ్లు. ఎండాకుల్లో 40 పైన. రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. అంత కర్బనాన్ని అరిగించుకోవాలంటే నత్రజని ఎక్కడినుంచో అప్పు తేవాలి. డ్రమ్ములో దొరికినంత వాడుకున్నాయి. మిగిలిన అప్పు టమాటా కుండీలో చేశాయి. మొక్క పీల్చుకోగల నత్రజని రూపాలు, వేరు నోటి దగ్గర ఉన్న అమ్మోనియం, నైట్రేట్ అన్నీ బ్యాక్టీరియా ఒంట్లోకి పోయాయి. ఎక్కడికీ పోలేదు, ఆ కుండీలోనే ఉన్నాయి. కానీ మొక్కకు అందవు.

ఆఫీసులో నేను రోజూ చూసేది ఇదే. పుస్తకంలో బ్యాలెన్స్ ఘనంగా ఉంటుంది. చెక్కు రాస్తే పాస్ కాదు.

బాగా తయారైన కంపోస్టులో కూడా ఇంతే. మొత్తం నత్రజనిలో మొదటి ఏడాది మొక్కకు దక్కేది పదో వంతు, అటూ ఇటూ. మిగిలింది ప్రోటీన్ల ముక్కలుగా, చచ్చినవీ బతికినవీ సూక్ష్మజీవుల శరీరాలుగా, తొందరగా అరగని నల్ల పదార్థంగా బిగుసుకుపోయి ఉంటుంది. ఎరువు సంచుల మీద రాసే మొత్తం శాతం ఒకటి, వేరు లాక్కోగలిగేది ఒకటి. బ్యాక్టీరియా చేయగలిగిన సాయం చాలావరకు ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. అవి బయటి నుంచి పోషకాలు మోసుకొస్తాయని నేను ఏడాదిన్నర నమ్మాను.

నోట్‌బుక్ తీసి వెనక్కి తిరగేశాను. నా టిక్కుల పక్కనే నేనే రాసుకున్న ఉష్ణోగ్రతలున్నాయి. పొడి పోసిన రోజుల్లో డ్రమ్ము మధ్యలో 54, 58, 56, 51 డిగ్రీలు. డబ్బాలోని నత్రజని రకం, అజటోబాక్టర్‌కు హాయిగా ఉండేది 28, 30 దగ్గర. భాస్వరం కరిగించే సూడోమోనాస్ కూడా అంతే. అంటే నేను ఏడాదిన్నర పాటు రెండేసి చెంచాల చొప్పున బ్యాక్టీరియాను శ్రద్ధగా ఉడకబెట్టాను. పైగా టిక్కు పెట్టుకున్నాను.

డబ్బాలోని బాసిల్లస్ జాతి మాత్రం బతికుంటుంది. తిండి కరువైతే గట్టి పెంకు కట్టుకుని స్పోరుగా మారి పడుకోవడం దాని పద్ధతి, ఆ పెంకు వేడిని తట్టుకుంటుంది. 1876లో ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి గడ్డి నానబెట్టిన నీళ్లలో గమనించాడు. నీళ్లు మరిగించినా మళ్లీ బ్యాక్టీరియా లేచి వస్తోంది. కాబట్టి నా డబ్బాలో మూడో వంతు సరుకు ఎక్కడో నిద్రపోతూ బతికే ఉండి ఉంటుందని కొంత ఓదార్పు.

సరే, వేడి లేకపోతే? ఆ లెక్క కూడా ఆ రాత్రే వేశాను. రెండు చెంచాలంటే సుమారు 10 గ్రాములు. గ్రాముకు 10 కోట్ల చొప్పున 100 కోట్ల కణాలు. డ్రమ్ములో కంపోస్టు 40 కిలోలు. కుళ్లుతున్న చెత్తలో గ్రాముకు 100 కోట్ల బ్యాక్టీరియా ఉండటం మామూలు సంగతి. 40 వేల గ్రాములకు 40 లక్షల కోట్లు. నేను పోసినవి 40 వేలలో ఒకటి. అదీ చల్లటి రోజున, అన్నీ బతికి ఉంటే. ఆ డ్రమ్ములో తరతరాలుగా కాపురమున్నవాళ్ల మధ్యకు కొత్తగా వెళ్లి, వాళ్ల తిండి లాక్కుని బతకాలి. డబ్బా మీది కోట్ల మీద నాకున్న గౌరవం ఆ రాత్రే సగం దిగింది.

మిగతా సగం అజటోబాక్టర్ గురించి చదివాక దిగింది. 1901లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ వేరుచేసిన బ్యాక్టీరియా ఇది. గాల్లోని నత్రజనిని నేరుగా పట్టుకుంటుంది, ఏ మొక్క వేరులోనూ ఇల్లు కట్టుకోదు. వినడానికి బంగారం. కానీ గాలి నత్రజనిని విడగొట్టడం చాలా ఖరీదైన పని. ఒక గ్రాము చక్కెర తింటే 10 నుంచి 20 మిల్లీగ్రాములు సంపాదిస్తుంది. అందుకే పక్కన అమ్మోనియం ఊరికే దొరుకుతుంటే ఆ యంత్రాన్నే ఆపేసుకుంటుంది. మనిషైనా అదే చేస్తాడు. వంటింటి చెత్త డ్రమ్ములో అమ్మోనియంకు కొరతేముంది? మూత తీస్తే ముక్కుపుటాలు అదురుతాయి. అక్కడ అజటోబాక్టర్ బతికున్నా పనిచేయదు.

అత్తయ్య గురించి చెప్పకుండా ఇక ముందుకు పోలేను. ఆవిడ రోజూ బట్టలు ఆరేయడానికి మేడెక్కుతారు. దిగి వచ్చాక రిపోర్టు ఇస్తారు. "ఇవాళ పుల్లగా ఉందమ్మాయ్." "ఇవాళ కళ్లు మండాయి." "ఇవాళ ఏ వాసనా లేదు, బతికే ఉందా అది?" మొదట్లో ఇవి ఫిర్యాదులనుకుని ఉడుక్కునేదాన్ని. తర్వాత నోట్‌బుక్‌లో ఒక గడి గీసి, పైన 'అత్తయ్య' అని రాసి, ఆవిడ మాటల్నే దించుకోవడం మొదలుపెట్టాను. పులుపు చూసే పీహెచ్ కాగితం (అంకె తగ్గితే పులుపు ఎక్కువ) కన్నా ఒకటి రెండు రోజులు ముందే చెబుతారావిడ.

పుల్లటి వాసన మొదటి వారం సంగతి. వండిన పదార్థాలు, పళ్ల తొక్కలు ఎక్కువైతే లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలు తయారై పీహెచ్ 5కో ఇంకా కిందికో దిగుతుంది. అంత పులుపులో 40 డిగ్రీలు దాటి పనిచేయాల్సిన బ్యాక్టీరియా ముందుకు రాదు. డ్రమ్ము గోరువెచ్చగా, పుల్లగా, మొండిగా కూర్చుంటుంది. అప్పుడు కావాల్సింది డబ్బాలోని పొడి అని నేను అనుకునేదాన్ని. ఒకసారి రెండు డ్రమ్ములూ ఖాళీ అయినప్పుడు పక్కపక్కనే పెట్టి చూశాను. ఒకే రోజు చెత్త, ఒకే ఎండాకులు, సమాన తూకం. ఒకదాంట్లో పాత కంపోస్టు పదో వంతు కలిపాను, రెండోదాంట్లో లేదు. పాతది కలిపిన డ్రమ్ము అయిదో రోజుకు 50 డిగ్రీలు. రెండోది అదే రోజు 34, కాగితం ముంచితే పీహెచ్ 5. అది వేడెక్కేసరికి పదకొండో రోజు వచ్చింది.

పాత కంపోస్టు రెండు రకాలుగా పనిచేస్తుంది. మొదటిది, అదే చెత్తను, అదే వేడిని, అదే డ్రమ్మును అలవాటు చేసుకున్న బ్యాక్టీరియా అందులో ఉంటుంది. బజారు సరుకు కన్నా ఇంటి మనిషి నయం. రెండోది, దాని పీహెచ్ 7 పైనే ఉంటుంది, పులుపును కొంత విరిచేస్తుంది. వీటితోపాటు ఎండాకులు గాలికి సందులిస్తాయి. గాలి ఆడితే ఆమ్లాలను తినే బ్యాక్టీరియా వాటిని తినేస్తుంది, ఆడకపోతే కొత్త ఆమ్లాలు పుడుతూనే ఉంటాయి. గాలి లేని డ్రమ్ములో ఎంత మంచి బ్యాక్టీరియా పోసినా దండగే.

పులుపు అంతా చెడ్డదని కాదు. 1980ల్లో జపాన్‌లోని ర్యూక్యూస్ విశ్వవిద్యాలయానికి చెందిన తెరువో హిగా లాక్టిక్ బ్యాక్టీరియా, ఈస్టు, కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియాలను కలిపి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో చెత్తను మూత బిగించి కావాలనే పులియబెడతారు. పులుపులో అమ్మోనియం గ్యాసుగా మారి ఎగిరిపోదు కాబట్టి నత్రజని నిలుస్తుంది. కానీ రెండు వారాల తర్వాత తీస్తే తొక్కలు తొక్కల్లాగే ఉంటాయి. చెత్తను ఊరేసినట్టు అవుతుందంతే, కుళ్లడం ఇంకా మిగిలే ఉంటుంది. నాకు డ్రమ్ములో వేడి చూసుకోవడం ఇష్టం, అందుకని ఆ దారి పట్టలేదు.

"కళ్లు మండాయి" రోజులు డ్రమ్ము బాగా ఉడికేటప్పుడు వస్తాయి. ఆమ్లాలన్నీ అయిపోయి పీహెచ్ 8 దాటుతుంది, లోపల 55 డిగ్రీలుంటాయి. ప్రోటీన్లు విడిపోయి వచ్చిన అమ్మోనియం ఆ వేడిలో, ఆ క్షారంలో అమ్మోనియా గ్యాసై పైకి లేస్తుంది. అత్తయ్య కళ్లలోకి పోయింది నా టమాటాల నత్రజని. ఒకవైపు దాన్ని గాల్లోకి వదిలేస్తూ ఇంకోవైపు గాల్లోంచి పట్టుకొచ్చే బ్యాక్టీరియాను కొని పోశాను. ఇప్పుడైతే ఆవిడ కళ్లు మండాయనగానే రెండు బుట్టల ఎండాకులు కలుపుతాను. రోజూ తిరగేయడం మానేసి, వారానికోసారి చేస్తున్నాను. పైన నాలుగు వేళ్ల మందాన పాత కంపోస్టు పరిస్తే లేచిన అమ్మోనియాను చాలావరకు అదే పట్టుకుంటుంది.

పొటాష్ కథ ఇంకా సిగ్గుచేటు.

డ్రమ్ము అడుగున చిన్న కుళాయి ఉంటుంది. గోధుమరంగు నీళ్లు దిగుతుంటాయి. వాసన భరించలేం. వారానికి రెండు మూడు లీటర్లు నేరుగా డ్రైనేజీలో పోసేదాన్ని. పొటాష్‌లోని పొటాషియం మొక్క శరీరంలో గోడలు కట్టే సరుకు కాదు, కణం లోపలి నీళ్లలో కరిగి ఉంటుంది. కణం పగిలితే నీళ్లతో పాటే బయటికి వచ్చేస్తుంది. దానికి ఏ బ్యాక్టీరియా తాళం తీయనక్కర్లేదు. అరటి తొక్కల పొటాషియమంతా ఆ కుళాయి నుంచి దిగింది, నేను డ్రైనేజీకి పంపాను. డబ్బాలో ఉన్న పొటాష్ బ్యాక్టీరియా మట్టిలోని అభ్రకం, ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాల నుంచి కొద్దికొద్దిగా విడిపించే రకం. నా డ్రమ్ములో రాళ్లెక్కడివి? ఇప్పుడు ఆ నీళ్లను మొదటి డ్రమ్ములోని ఎండాకుల మీదే తిరిగి పోస్తున్నాను. ఆకులు పీల్చుకుంటాయి. పచ్చిగా మొక్కలకు పోయకూడదు, వేళ్లు మాడతాయి. వండిన పదార్థాల్లోంచి వచ్చిన ఉప్పు కూడా అందులోనే ఉంటుంది. ఆ ఉప్పును ఏ బ్యాక్టీరియా తినదు కాబట్టి మిగిలిపోయిన కూరలు ఇప్పుడు కొలిచి వేస్తున్నాను.

ఇక మూడో డ్రమ్ము. టమాటాల దెబ్బ తర్వాత కొన్నది ఇదే.

వేడి దిగి, తిరగేసినా మళ్లీ పెరగకుండా ఉన్నప్పుడు సరుకంతా ఇందులోకి మారుస్తాను. నీడలో, వాన తగలకుండా, పక్కల చిల్లులతో. తేమ ఎంతంటే, పిడికిట్లో పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి. ఇక అది పడుకుంటుంది. బయటికి ఏమీ కనబడదు. నేను ఎప్పుడూ తొందరపడి కత్తిరించేసింది ఈ నిద్రనే. నల్లబడింది, చల్లబడింది, అయిపోయిందనుకునేదాన్ని. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఈ సమయంలోనే వస్తుంది. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియంను నైట్రైట్ చేస్తాయి, నైట్రోబాక్టర్ లాంటివి దాన్ని నైట్రేట్ చేస్తాయి. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వీటిని పట్టుకోవడానికి పడిన తిప్పలు చదివితే నవ్వొచ్చింది. మామూలు బ్యాక్టీరియాకు పెట్టే పోషకాల జెల్లీ పెడితే ఇవి పెరగలేదు. ఇవి తిండి పదార్థం తినవు, అమ్మోనియానో నైట్రైట్‌నో కాల్చుకుని బతుకుతాయి. చివరికి సేంద్రియ పదార్థం లేని సిలికా జెల్ మీద పెంచాడు. 40 డిగ్రీలు దాటితే పనిచేయవు. గాలి కావాలి. అమ్మోనియా మరీ ఎక్కువైనా పడదు. పైగా మహా నిదానం. బాసిల్లస్ అరగంటలో రెండింతలు కాగలిగితే వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. ఇలాంటి వాటిని తొందరపెట్టి లాభం లేదు.

చేపల తొట్టెలో నైట్రేట్ చూసుకునే కాగితపు పట్టీలుంటాయి. మా అమ్మాయి తొట్టె కోసం తెచ్చినవి కొన్ని నేను కాజేశాను. కంపోస్టు ఒక పాలు, డిస్టిల్డ్ వాటర్ పది పాళ్లు కలిపి, గంట ఉంచి, వడకట్టి పట్టీ ముంచాలి. పడుకోబెట్టిన రోజున పట్టీ తెల్లగానే ఉంది. మూడు వారాలకు ఏదో గులాబీ ఛాయ, ఉందా లేదా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడాల్సినంత. ఎనిమిదో వారం ముంచితే నిమిషం లోపే ముదురు గులాబీ. ఆ పట్టీని నోట్‌బుక్‌లో అంటించాను. ఇప్పుడది వెలిసిపోయింది గానీ పీకలేదు. ఎవరూ ఏ పొడీ పోయకుండానే, నిద్రపోతున్నట్టు కనబడిన డ్రమ్ములో, డిపాజిట్‌లో ఇరుక్కున్న డబ్బు కరెంట్ ఖాతాలోకి వచ్చింది.

అమ్మాయికి పట్టీల దొంగతనం తెలిసిపోయింది. పరిహారంగా మొలకల పరీక్ష దాని చేతుల్లో పెట్టాను. రెండు ప్లేట్లలో కాగితం పరిచి, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో వడకట్టిన కంపోస్టు నీళ్లు. ఒక్కోదాంట్లో ఇరవై ముల్లంగి గింజలు. ఇరవై రోజులు పడుకున్న కంపోస్టు నీళ్లలో 11 మొలిచాయి, వేళ్లు పొట్టిగా, చివర్లు గోధుమరంగులో. మామూలు నీళ్లలో 19. మూడు నెలలు పడుకున్నదానితో మళ్లీ చేస్తే 18, వేళ్లు మామూలు నీళ్లవాటి కంటే పొడుగ్గానే ఉన్నాయి. అది స్కేలు పెట్టి కొలిచి మిల్లీమీటర్లలో రాసిచ్చింది. నా నోట్‌బుక్‌లో అన్నిటికన్నా మంచి దస్తూరీ ఆ పేజీదే.

డబ్బాను పారేయలేదు. భాస్వరం దగ్గర దాంతో పని ఉంది.

భాస్వరం పొటాషియంలా కారిపోదు, నత్రజనిలా ఎగిరిపోదు. ఉన్నచోటే బిగుసుకుపోతుంది. గింజలు, పొట్టు, తవుడు లాంటి వాటిలో భాస్వరం సగానికి పైగా ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది. ఫైటేజ్ అనే ఎంజైమ్ కోస్తే తప్ప విడిపోదు, ఆ ఎంజైమ్‌ను కొన్ని బాసిల్లస్‌లు, బూజులు తయారుచేస్తాయి. ఇంకో భాగం కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. కంపోస్టు పీహెచ్ 7.5, 8 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ గట్టిదనం కరగదు. దీన్ని కరిగించేది గ్లుకోనిక్ లాంటి ఆమ్లాలు. బాసిల్లస్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని చక్కెర తిని వాటిని వదులుతాయి. 1948లో పికోవ్‌స్కయా అనే శాస్త్రవేత్త చేసిన పరీక్ష ఇప్పటికీ వాడతారు: కాల్షియం ఫాస్ఫేట్‌తో పాలలా తెల్లగా ఉన్న జెల్లీ మీద బ్యాక్టీరియా పెడితే, అది కరిగించినంత మేర చుట్టూ నీటి ఉంగరంలా తేటపడుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఆ జెల్లీలో గ్లూకోజ్ కావలసినంత ఉంటుంది. మూడు నెలలు పడుకున్న కంపోస్టులో చక్కెర మిగలదు, ముందే అందరూ తినేశారు. చక్కెర లేకపోతే ఆమ్లమూ లేదు.

చక్కెర దొరికే చోటు ఒకటుంది. బతికున్న వేరు. మొక్క తాను ఆకుల్లో చేసుకున్న చక్కెరల్లో కొంత వేళ్ల చివర్ల నుంచి బయటికి వదులుతుంది. దాని చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర బ్యాక్టీరియా గుమిగూడుతుంది. భాస్వరం కరిగించే రకాలు నిజంగా పనిచేసే అవకాశం అక్కడ ఎక్కువ. కరిగిన భాస్వరం మళ్లీ గట్టిపడేలోపే వేరు పీల్చుకోవచ్చు.

అందుకని పొడి వాడే తీరు మార్చాను. డ్రమ్ములో పోయడం మానేశాను. పడుకుని లేచిన కంపోస్టును కుండీకి వేసే ముందు రోజు సాయంత్రం, ఒక బకెట్ కంపోస్టులో రెండు చెంచాలు కలిపి, తడిగోనె కప్పి, నీడలో ఉంచుతాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మూత లేని బకెట్‌లో ఒక రోజు ఉంచిన నీళ్లే వాడతాను. మర్నాడు మొక్క నాటే గుంటలో, వేళ్లకు తగిలేలా వేస్తాను. ఒక బకెట్‌లో రెండు చెంచాలంటే 40 వేలలో ఒకటి కన్నా నయమైన లెక్క.

దీంతో టమాటాలు విరగకాశాయని రాస్తానేమో అనుకుంటున్నారు కదా. నాలుగు కుండీల్లో పొడి కలిపింది, నాలుగింట్లో కలపనిది పెట్టాను. మొదటి నెలలో పొడి కలిపిన నాలుగూ కొంచెం ముందున్నాయి, కాండం లావుగా ఉంది. పూత నాటికి ఎనిమిదీ ఒకేలా ఉన్నాయి. నా వరకు కంటికి కనబడిన తేడా వేరే చోట ఉంది. ఇరవై రోజులు పడుకున్న కంపోస్టు వేసిన మొక్కకూ మూడు నెలలదానికీ పక్కపక్కన ఫొటో తీస్తే రెండు వేర్వేరు జాతులనుకుంటారు. కంపోస్టు ఎవరైనా మొదలుపెడుతున్నామని అడిగితే డబ్బా సంగతి చివర్లో చెబుతున్నాను, ముందు మూడో డ్రమ్ము కొనమంటున్నాను. డ్రమ్ము పెట్టే చోటు లేకపోతే చిల్లులున్న గోనె సంచి అయినా చాలు.

గుడ్డు పెంకుల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక్క మాట. అది దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్. క్షారంగా ఉండే కంపోస్టులో కరగదు. నా మొదటి బ్యాచ్ పెంకులు ఇప్పటికీ కుండీల్లో తెల్లగా నవ్వుతూ కనబడుతున్నాయి. మెత్తగా పొడిచేసి మొదటి వారం, పులుపు ఉన్నప్పుడు వేస్తే ఆమ్లం కొంత కరిగిస్తుంది, ఆ పనిలో పులుపూ కొంత విరుగుతుంది. అంతకు మించి ఆశించకండి.

కామెర్ల పచ్చ పట్టిన ఆ పాత టమాటా కుండీలకు ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. అవే తేరుకున్నాయి. కర్బనం తరిగేకొద్దీ బ్యాక్టీరియా ఆకలి తగ్గింది. వాటిని తినే ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు, కంటికి కనబడని నులిపురుగులు వచ్చాయి. ఒక బ్యాక్టీరియాను తింటే వాటికి అవసరమైన దానికన్నా ఎక్కువ నత్రజని దొరుకుతుంది, మిగులు అమ్మోనియంగా బయటికి వస్తుంది. రెండున్నర నెలలకు కొత్త ఆకులు ముదురు రంగులో వచ్చాయి. కాపు మాత్రం ఆ సీజన్‌కు పోయినట్టే, మొత్తం తొమ్మిది కాయలు. అదీ రాసుకున్నాను.

ఇవాళ పొద్దున అత్తయ్య బట్టలు ఆరేసి వస్తూ, "రెండో దాంట్లో వాన పడ్డ మట్టి వాసన వస్తోందమ్మాయ్" అన్నారు. అది స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా వదిలే జియోస్మిన్ వాసన. ఉడకడం ముగింపుకు వచ్చిందని నాకు గుర్తు.

"అయితే మూడో దాంట్లోకి మార్చేస్తావా?"

"థర్మామీటర్ చూశారా అత్తయ్యా?"

"చూశాను. నలభై మూడు."

"అయితే ఇంకా ఒక వారం."

"నేనూ అదే అనుకున్నాను," అని ఆవిడే నోట్‌బుక్ తీసుకుని, తన గడిలో తనే రాసుకున్నారు.